నూనె 756, తీపి 700: మా వంటింటి లెక్కల డైరీ

రోజువారీ తిండి ఆరోగ్యంగా ఉండాలి, గారెలు, బూరెలు, మడతకాజాలు మాత్రం మానకూడదు. ఈ రెండూ కుదరడానికి నలుగురున్న మా ఇంట్లో పెట్టుకున్న లెక్క ఇది. మాది రాజమండ్రి. అత్తయ్యగారు, మావారు, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, నేను. అత్తయ్యగారి హెచ్‌బీఏ1సీ (రక్తంలో మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. అంటే షుగరు వ్యాధి రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చిందన్నమాట. లెక్క మొదలైంది అందుకే. షుగరుకు మందులు వాడుతున్నవాళ్లు ఈ అంకెలను ఉన్నవున్నట్టు తీసుకోవద్దు, డాక్టరును అడిగి మార్చుకోండి. పద్ధతి మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు.

దశ 0: ముందు తూకం

కావలసినవి:

1. ఐదు కిలోల దాకా తూచే డిజిటల్ కాటా. ఒక్కో గ్రాము చూపించేది చాలు.
2. సన్నమూతి ఉన్న చిన్న స్టీలు నూనె సీసా.
3. చిన్నగా, లోతుగా ఉండే ఇనప మూకుడు.
4. పంచదార డబ్బాలోకి చిన్న చెంచా.
5. ఫ్రిజ్ తలుపు మీద అంటించడానికి గళ్ల కాగితం, పెన్ను.

కాటాతో రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, నాలుగైదు గ్రాముల వస్తువును ఒక్కటే తూస్తే అంకెను నమ్మలేం. చెంచా పంచదార బరువు కావాలంటే పది చెంచాలు పోసి పదితో భాగించాలి. రెండోది, కాసేపు ముట్టుకోకపోతే కాటా దానంతటదే ఆగిపోతుంది, సున్నా చేసి పెట్టుకున్నది పోతుంది. అందుకని ప్రతి గిన్నె అడుగున దాని ఖాళీ బరువును మార్కరుతో రాసేశాను. వేడి మూకుడును కాటా మీద పెట్టొద్దు. నూనె చల్లారాక వడకట్టి వేరే గిన్నెలో తూచాలి.

పరిమితి ఎంతో తేల్చుకోవడానికి రెండు చోట్లు చూశాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఒక మనిషి రోజంతటి తిండికి 2000 కిలో క్యాలరీల నమూనా పళ్లెం ఉంది. అందులో మనిషికి రోజుకు నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. తీపికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క తీసుకున్నాం. విడిగా కలిపే చక్కెరలు, తేనె, పండ్లరసాల్లోని చక్కెరలు కలిపి మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిది. 2000 కిలో క్యాలరీలకు ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. బెల్లాన్ని కూడా పంచదారతో సమానంగానే రాశాం. బెల్లంలో ఖనిజాలు కొన్ని ఉన్నా, రక్తంలోకి వెళ్లాక అది చక్కెరే.

మా నలుగురికి వారానికి:

- నూనె, నెయ్యి: 27 × 4 × 7 = 756 గ్రా.
- పంచదార, బెల్లం: 25 × 4 × 7 = 700 గ్రా.

మేం నిజంగా వాడుతున్నది ఎంతో సరుకుల చీటీయే చెప్పింది. నెలకు నూనె ఐదు లీటర్లు, నెయ్యి అరకిలో, పంచదార మూడున్నర కిలోలు, బెల్లం కిలో. లీటరు నూనె అంటే 910 గ్రాములు, ప్యాకెట్ మీదే ఉంటుంది.

వారం ఖాతా (మొదట్లో, బయటి తిండి కాకుండా): నూనె 1178 గ్రా., తీపి 1050 గ్రా.

దశ 1: పూర్తిగా మానేయడం (పనిచేయలేదు)

ఇంట్లో స్వీట్లు, వేపుళ్లు, పిండివంటలు అన్నీ ఆపాం. ఇంటి వాడకం వెంటనే తగ్గింది. ఆ వారం నూనె 860, తీపి 640. కాగితం మీద ఇదే గెలుపులా కనిపిస్తుంది. అయితే అదే వారం బయటినుంచి వచ్చినవాటి కవర్లు పారేయకుండా దాచి, లేబుళ్లు చదివాం.

- మిక్చరు 400 గ్రా. వందకు 36 గ్రా. కొవ్వు, అంటే 144 గ్రా. నూనె.
- బిస్కెట్లు 600 గ్రా. అందులో పావువంతు పంచదార, 150 గ్రా.
- కూల్‌డ్రింకు 750 మి.లీ. సీసా. సుమారు 80 గ్రా. పంచదార.
- సాయంత్రం బండి మీది మిరపకాయ బజ్జీలు. తూచే వీలు లేదు.

వారం ఖాతా: నూనె 1004 + బజ్జీలు, తీపి 870

పరిమితికి దగ్గరగా కూడా రాలేదు. పైగా ఎవరికీ నిజంగా ఇష్టమైనది ఆ వారం తినడానికి దొరకలేదు. మిక్చరు మా ఇంట్లో ఎవరికీ ప్రాణం కాదు, చేతికి అందింది కాబట్టి తిన్నారు. ఆ వారాంతంలో అత్తయ్యగారు ఒక మాటన్నారు: “పండగ పూట బూరె తినొద్దంటే ఎలాగమ్మా? రోజూ కూరలో పోసేది చూడు ముందు.” దశ 3 మొత్తం ఈ మాటలోంచే వచ్చింది. దానికి ముందు ఇంకో దారి కూడా చూశాం. చాలామంది సలహా ఇచ్చే దారి కాబట్టి దాని అంకెలూ ఇస్తున్నాను.

దశ 2: “హెల్దీ” పిండివంటలు (ఇంకా నష్టం)

*రాగి సున్నుండలు.* రాగిపిండి, మినప్పిండి కలిపి 200 గ్రా., బెల్లం 150, నెయ్యి 75. మొత్తం 17 ఉండలు. ఒక్కోదానిలో బెల్లం దాదాపు 9 గ్రాములు, నెయ్యి నాలుగున్నర గ్రాములు. మామూలు సున్నుండకు దీనికి తీపిలో పెద్ద తేడా లేదు. రాగి కదా, మంచిదే కదా అని అందరూ వచ్చిపోతూ తినేశారు. డబ్బా వారం మధ్యకే ఖాళీ. రాగి మంచిదే, కానీ అది పక్కనున్న బెల్లాన్ని తగ్గించదు.

*ఎయిర్ ఫ్రయ్యర్ గారెలు.* పలచటి పిండి బుట్ట కంతల్లోంచి జారిపోతుంది. కాగితం వేసి, పిండి గట్టిగా రుబ్బి మళ్లీ పెట్టాను. పైన పెచ్చు కట్టింది, లోపల ఇడ్లీలా ఉంది. తినగలిగేలా చేయడానికి పల్లీ చట్నీ రెట్టింపు వేసుకున్నారు. నూనె మిగిలినట్టే ఉంటుంది గానీ పల్లీల్లో సగం దాకా కొవ్వే.

*బెల్లం తగ్గించిన బూరెలు.* నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో పనికొచ్చే కొలత ఇదే. మామూలుగా 250 గ్రా. శనగపప్పుకు 250 గ్రా. బెల్లం పడితే 24 బూరెలు అవుతాయి. ఈసారి బెల్లం 150 గ్రాములే వేశాను. పూర్ణం ఉండ కట్టింది, పైన తోపు పిండి సరిగ్గా పట్టింది, చూడ్డానికి బాగున్నాయి. తిన్నాక మాత్రం ఎవరికీ తృప్తి లేదు.

| | బెల్లం సమంగా వేసినవి | బెల్లం తగ్గించినవి |
|---|---|---|
| బూరెకు బెల్లం | 10.4 గ్రా. | 6.25 గ్రా. |
| బూరె పీల్చిన నూనె | 3.5 గ్రా. | 3.5 గ్రా. |
| ఒక్కొక్కరు తిన్నవి | 2 | 4 |
| మనిషికి బెల్లం | 21 గ్రా. | 25 గ్రా. |
| మనిషికి నూనె | 7 గ్రా. | 14 గ్రా. |

అసలు బూరె రెండింటితో ఆగిపోయేవాళ్లు ఇవి నాలుగు తిన్నారు. బెల్లం పెరిగింది, నూనె రెట్టింపయింది. అప్పటినుంచి మా ఇంట్లో పిండివంటల కొలతలను ముట్టుకోవడం లేదు. బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయడం కూడా మానలేదు. చెంచాతో కొలిచి ఐదు గ్రాములు పోసి ఖాతాలో రాస్తున్నాం.

వారం ఖాతా: నూనె 930, తీపి 900

దశ 3: రోజువారీ నూనె, రోజువారీ టీ

వారమంతా పంచదార డబ్బా ఒక్కటే తూస్తే టీ, కాఫీలకు 490 గ్రాములు పోయింది. మొత్తం తీపిలో దాదాపు సగం! పండగ లేదు, పిండివంట లేదు, అయినా సగం. డబ్బాలోని చెంచాతో గుట్టగా తీస్తే 8 గ్రాములు వస్తోంది. రోజుకు ఎనిమిది కప్పులు, ఎవరైనా వస్తే ఇంకొకటి.

ఒకేసారి సగానికి తగ్గిస్తే నిలవలేదు. వంటింట్లో నేను తక్కువ వేస్తే, హాల్లో ఎవరికి వారు కలుపుకున్నారు. వారం చివర డబ్బాలో తగ్గింది 440 గ్రాములు. మార్చిన పద్ధతి:

1. గుట్ట చెంచా తీసేసి, గుట్ట లేకుండా అంచు సమంగా తీస్తే 7 గ్రాములు పట్టే చెంచా పెట్టాను.
2. వారానికి ఒక గ్రాము చొప్పున తగ్గించాను: 7, 6, 5, 4.
3. టీపొడి కొంచెం తగ్గించి, తక్కువసేపు మరిగించాను. డికాక్షన్ చేదుగా ఉన్నంతకాలం నాలుక పంచదార అడుగుతూనే ఉంటుంది. అల్లం, యాలకులు మామూలే.
4. 150 మి.లీ. కప్పుల బదులు చిన్న గ్లాసులు.

డబ్బా తూకం వరసగా 490, 430, 370, 310, 260. నాలుగు గ్రాముల దగ్గర ఆపేశాం. అంతకంటే తగ్గిస్తే మావారు బయట టీ తాగడం మొదలుపెట్టారు. అక్కడ ఎంత వేస్తారో మన చేతిలో ఉండదు.

నూనెది వేరే కథ. పప్పు పోపుకు చేత్తో వంచినది తూస్తే 25 గ్రాములు. ఆవాలు చిటపటలాడడానికి, ఎండుమిర్చి వేగడానికి 10 గ్రాములు చాలు. గరిట వాలుగా పట్టుకుని అందులోనే పోపు వేస్తే నూనె ఒకచోట నిలిచి బాగా వేగుతుంది. వెడల్పాటి మూకుట్లో ఆ పది గ్రాములు పలచగా పరుచుకుని ఆవాలు మాడిపోతాయి.

వేపుళ్లు గట్టి సమస్య. అరకిలో బెండకాయలకు 70 గ్రాములు పడుతోంది. చేసిన మార్పులు:

1. బెండకాయలు కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరాకే తరగాలి.
2. ఇనప మూకుడు బాగా కాగాక 15 గ్రా. నూనె, ముక్కలు. మూత వద్దు, ఉప్పు వద్దు.
3. జిగురు పోయాక ఉప్పు, కారం. చివర్లో ఇంకో 15 గ్రా. చుట్టూ వేసి పెద్దమంట.

మొత్తం 30 గ్రాములు. దొండకాయలైతే ముందు ఆవిరి మీద ఉడికించాలి, వాటికి 28 సరిపోయింది. వంకాయతో ఇవేవీ కుదరవు, అది పోసిందంతా తాగేస్తుంది. గుత్తి వంకాయను తక్కువ నూనెతో చేయడం కన్నా చేయకపోవడమే మేలు. దాన్ని ఆదివారం జాబితాలోకి మార్చాను. మామూలు రోజుల్లో వంకాయ కాల్చి పచ్చడే.

ఇంత చేసినా సీసాలోంచి నేరుగా వంచితే లెక్క తప్పుతూనే ఉంది. చివరికి నిలిచినది ఇదొక్కటే: పొద్దున్నే చిన్న స్టీలు సీసాలో 90 గ్రాములు తూచి పోస్తాను. దోసెల నుంచి రాత్రి కూర దాకా ఆ రోజుకు అంతే. పెద్ద క్యాను పై అరలోకి వెళ్లింది. నెయ్యి వాడితే సీసాలో అంత తగ్గిస్తాం.

కూరగాయలు కూడా ఇక్కడే రాస్తాను. నలుగురికి రోజుకు 1600 గ్రాములు కావాలి, మేం తింటున్నది 700. తోటకూర పప్పు, ఆనపకాయ పులుసు, మజ్జిగ పులుసులో ముక్కలు, భోజనానికి ముందు కీరదోస. వీటితో 1200 దాకా వచ్చాం. కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గింది, బియ్యం గ్లాసును విడిగా తగ్గించాల్సిన పని పడలేదు.

వారం ఖాతా: ఆరు రోజుల నూనె 540. టీ 260 + పులుసుల్లో బెల్లం 105 = తీపి 365

దశ 4: మిగిలినదాన్ని ఇష్టంగా ఖర్చుపెట్టడం

756లో 540 పోతే ఆదివారానికి 216 గ్రాముల నూనె. తీపిలో 335 మిగిలితే, అతిథుల టీలు తక్కువున్న వారం 350. దాన్ని మనిషికి 85 గ్రాములు అనుకున్నాం.

మొదట అందరికీ ఒకే స్వీటు అనుకుంటే కుదరలేదు. అమ్మాయికి ఐస్‌క్రీం, మావారికి తాపేశ్వరం మడతకాజా, అత్తయ్యగారికి బూరె, నాకు ఆత్రేయపురం పూతరేకు. ఇప్పుడు ఎవరి వాటా వాళ్లది. పంచుకోవచ్చు, వచ్చే వారానికి దాచుకోవచ్చు, కానీ ముందుగా వాడుకోకూడదు. బయట కొన్నవాటిలో తీపి ఎంతో తెలియదు కాబట్టి తూచి, సగం బరువును పంచదారగా రాస్తాం. కాజా లాంటి పాకం వంటకు, ఆ అంచనా తక్కువైనా కావచ్చు, అందుకే చిన్న కాజాలే కొంటున్నాం. అత్తయ్యగారు మాత్రం తీపిని ఉత్త కడుపున తినరు. భోజనంలో కూర, పప్పు అయ్యాక ఒక బూరె, మర్నాడు ఇంకొకటి.

*గారెల కొలత.* పావుకిలో మినప్పప్పు, 400 గ్రా. నూనె. వేయించాక చల్లార్చి, వడకట్టి తూచాలి.

- గట్టిగా రుబ్బిన పిండి: 21 గారెలు, తగ్గిన నూనె 84 గ్రా. గారెకు 4.
- నీళ్లు ఎక్కువైన పిండి: 20 గారెలు, తగ్గిన నూనె 130 గ్రా. గారెకు 6.5.

పప్పు నానబెట్టాక నీళ్లు పూర్తిగా వంపేసి, రుబ్బేటప్పుడు చేత్తో చిలకరిస్తే చాలు. నూనె కాగకముందు వేసిన మొదటి వాయి కూడా ఎక్కువ తాగుతుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, అప్పుడు వేయాలి.

చిన్న మూకుడు ఎందుకంటే, పెద్దదానిలో 900 గ్రాములు పోయాలి, మిగిలిన కాగిన నూనె వారాల తరబడి మళ్లీ మళ్లీ పొయ్యెక్కుతుంది. నూనె పదేపదే కాగితే పోలార్ పదార్థాలు (నూనె పాడవుతున్నకొద్దీ అందులో పుట్టేవి) పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం లేదు. నాలుగు వందలతో మొదలుపెడితే గారెల తర్వాత 316 మిగులుతుంది. సోమవారం నుంచి స్టీలు సీసాలోకి అదే పోస్తే గురువారానికి అయిపోతుంది. దాన్ని మళ్లీ వేయించడానికి వాడం, పోపులకే.

ఒక ఆదివారం లెక్క:

- గారెలు 84
- కోడికూర 50
- పులుసు, వేపుడు 54
- వారమంతా తిన్న ఆవకాయలో నూనె 28
- మొత్తం 216

ఆవకాయ పద్దు ఆలస్యంగా చేరింది. జాడీలో వేసినవి 2 కిలోల ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు తలా 400 గ్రా., నువ్వులనూనె 600. మొత్తం 3.8 కిలోలు. వారానికి మేం తినేది 180 గ్రాములు, అంటే నూనె 28, ఉప్పు 19.

వారం ఖాతా (బయటి తిండితో సహా): నూనె 768, తీపి 715

దశ 5: సంక్రాంతి

కిలో బియ్యానికి 600 గ్రా. బెల్లం, 45 అరిసెలు. చేసిన రోజునే ఖాతాలో రాస్తే ఆ వారం అంకె చూడగానే కాగితం చింపేయాలనిపిస్తుంది. అందుకని నియమం మార్చాం: వండిన రోజు కాదు, తిన్న రోజు రాయాలి. అరిసె వారాల పాటు నిలవుంటుంది, ఒక్కసారే తిని తీరాల్సిన పని లేదు.

నూనెలోంచి తీయగానే చెక్కల మధ్య పెట్టి ఒత్తితే కారిన నూనెను విడిగా తూచాను. 45 అరిసెలకు 210 గ్రాములు, అంటే అరిసెకు నాలుగున్నర పైనే. ఒత్తాక కూడా ఒక్కోదానిలో 9 గ్రాముల దాకా ఉంటుంది. చల్లారాక ఒత్తితే నూనె రాదు, అరిసె విరిగిపోతుంది. ఇద్దరు కలిసి చేయాల్సిన పని. నేను వేయిస్తే అత్తయ్యగారు ఒత్తారు.

1. ఇరుగుపొరుగుకు, ఆడపడుచు ఇంటికి 21.
2. మాకు 24, రెండు డబ్బాల్లో పన్నెండేసి.
3. వారానికి ఒక డబ్బా, మనిషికి మూడు. రెండో డబ్బా పై అరలో, నూనె క్యాను పక్కన.
4. డబ్బాకు ఖాతాలో: బెల్లం 160, నూనె 108.

పండగ వారంలో మూడు రోజులు 90 గ్రాముల సీసా పక్కన పెట్టేశాం. పులిహోర, గారెలు, పరమాన్నం అన్నీ మామూలు కొలతలతోనే.

వారం ఖాతా (పండగ): నూనె 1020, తీపి 880. తర్వాతి వారం: నూనె 770, తీపి 705

పండగ వారం ఎక్కువైనదాన్ని తర్వాతి వారం కోత పెట్టి సరిచేయాలని ప్రయత్నించలేదు. దశ 1లో ఏమైందో కవర్లు చూసి తెలుసుకున్నాం కదా. ఎప్పటి సీసా, ఎప్పటి చెంచా, అంతే.

ఇంకా తేలనివి

*ఉప్పు.* మనిషికి రోజుకు 5 గ్రాములలోపు అంటే నలుగురికి వారానికి 140. ప్యాకెట్, ఆవకాయ, అప్పడాలు కలిపితే 250 దాటుతోంది. ఆవకాయలో ఉప్పు తగ్గిస్తే జాడీ బూజు పడుతుంది, కాబట్టి కొలతను ముట్టుకోను. ఊరగాయ గిన్నెలో పెద్ద గరిటె తీసి 5 గ్రాముల చెంచా పెట్టాను. పప్పులో ఉప్పును చివర్లో, సగం వేసి రుచి చూసి కలుపుతున్నాను.

*హోటల్ టిఫిన్.* నేతి పెసరట్టు, పూరీలు. ఒకసారి పార్సిల్ తెచ్చి టిష్యూ కాగితం మీద పెట్టి, కాగితాన్ని ముందూ వెనకా తూచాను. పైనంటిన నూనె తెలిసింది గానీ లోపలిది తెలియదు. ప్రస్తుతానికి పూరీకి 6 గ్రాములు అని అంచనా వేసి రాస్తున్నాం.

*అమ్మాయి కాలేజీ క్యాంటీన్.* అక్కడ తిన్నది తనే రాస్తోంది. నేను అడగను. తన వాటా గడిలో అంకె ఎంతున్నా అదే నమ్ముతాం.

వచ్చే వారం చేయబోయేది: 5 గ్రాముల చెంచా పెట్టాక ఆవకాయ జాడీని ఆదివారం నుంచి ఆదివారానికి తూచడం, ఉప్పు డబ్బాను కూడా పంచదార డబ్బాలాగే రోజూ కాటా ఎక్కించడం.